రెవెన్యూలో రిటైరయ్యే అమ్మ ఊళ్లో ఏ సేవ చేస్తే బాగుంటుంది? ఒక రిటైర్డ్ తహసీల్దార్ సమాధానం

మీరు అడిగింది ఇది: మీ అమ్మగారు వచ్చే ఏడాది డిప్యూటీ తహసీల్దారుగా రిటైర్ అవుతున్నారు. రైతు కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి. పుట్టిన ఊరికి దగ్గర్లోనే ఉంటూ పదిమందికీ పనికొచ్చేది ఏదైనా చేయాలని ఆవిడ కోరిక. పిల్లలకు ట్యూషన్లు, గుళ్లో సేవ, వృద్ధాశ్రమం అంటూ రకరకాలుగా అనుకుంటున్నారు. ఊళ్లోవాళ్లకు అర్జీలు రాసిపెడదామా అని కూడా అనుకున్నారు గానీ, "ఆఫీసరుగా కూర్చున్న చోటికి మళ్లీ అర్జీ పట్టుకుని వెళ్తే పరువేం ఉంటుంది" అని మీ నాన్నగారు అడ్డు చెబుతున్నారు.

నేను ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం రైతుబిడ్డను. 1986లో జూనియర్ అసిస్టెంటుగా రెవెన్యూలో చేరి, 2021లో అరవై నిండి తహసీల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే లాయరు కాకపోయినా జనానికి న్యాయ సహాయం అందేలా చూసే స్వచ్ఛంద కార్యకర్తగా ఉన్నాను. అందుకని సూటిగా చెప్పేస్తాను. ట్యూషన్ చెప్పేవాళ్లు ఎలాగోలా దొరుకుతారు. భూమి కాగితం చేతిలోకి తీసుకుని, ఇందులో ఏముంది, ఏం లేదు, ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి అని ఒక ఆడమనిషికి అర్థమయ్యేలా, డబ్బు ఆశించకుండా చెప్పేవాళ్లు దొరకరు. మీ అమ్మగారికి ప్రభుత్వం ఇన్నేళ్లు జీతమిచ్చి నేర్పిన విద్య అదే. ఆవిడ చేయాల్సింది అర్జీల పనే.

నేనింత గట్టిగా చెప్పడానికి మా ఇల్లే కారణం. నాన్నకు ఐదెకరాల మెట్ట. కంది, సజ్జ, కొంత పొగాకు. నారు పోయడం మొదలు ఆకును కర్రలకు కట్టి, వేడితో ఆరబెట్టే బ్యారన్‌లోకి ఎక్కించేదాకా పనంతా మా అమ్మ, అక్క, నేను చేసేవాళ్లం. కాగితాలకొస్తే మాత్రం శిస్తు రసీదు, సొసైటీ అప్పు, పాస్ పుస్తకం అన్నీ నాన్న పేరే. అమ్మ పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా లేదు. ఏ పొలాన్ని ఎవరు సాగు చేస్తున్నారో రాసే అడంగల్ నకలు కావాలంటే కరణంగారి అరుగు దగ్గరికెళ్లి నిలబడాలి. ఆ అరుగు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి తన పొలం గురించి మాట్లాడటం చిన్నప్పుడు నేను చూడలేదు.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. అదే నెలలో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆడవాళ్లకు 30 శాతం కేటాయిస్తూ జీవో ఇచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ఎక్కడికక్కడ ఎమ్మార్వో ఆఫీసులు పెట్టారు, వాటికి మనుషులు కావాల్సి వచ్చారు. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి జరగకపోతే మెట్ట ఊరి పిల్ల రెవెన్యూ ఆఫీసులో కుర్చీ ఎక్కేది కాదు. ఆ 30 శాతం మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో కోర్టు ఆ రిజర్వేషన్ చెల్లుతుందని తీర్పు ఇచ్చేదాకా "మీ ఉద్యోగాలు ఉంటాయో ఊడతాయో" అన్నవాళ్లు ఆఫీసులోనే ఉండేవారు.

సర్వీసు గురించి ఎక్కువ రాయను. ఎన్నికలు, తుఫాన్లు, జనాభా లెక్కలు, మంత్రుల పర్యటనలు రెవెన్యూలో అందరూ చేసేవే, మీరు ఇంట్లో చూసే ఉంటారు. నాకు నిజంగా పని నేర్పింది ఆర్ఐగా (రెవెన్యూ ఇన్స్పెక్టరుగా) ఊళ్లు తిరిగిన కాలం, ఏటా జమాబందీకి, అంటే భూమి, శిస్తు లెక్కల తనిఖీకి, ఊరి లెక్కలన్నీ ముందేసుకుని సరిచూసిన రాత్రులు. పొలం గట్టు మీద నిలబడితే ఎవరు సాగు చేస్తున్నారో కనబడుతుంది. అడంగల్‌లో చూస్తే వేరే పేరు ఉంటుంది. ఈ రెండింటి మధ్య దూరంలో నష్టపోయేది ఎప్పుడూ కౌలుదారూ, ఆ ఇంటి ఆడవాళ్లూ.

ఆఫీసుకు ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని "మీవాళ్లెవరూ రాలేదా?" అని అడగడం మామూలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, ఆ ఉద్యమం మా జిల్లాకూ పాకింది. గుంపుగా వచ్చిన ఆడవాళ్లకు కుర్చీలు వేయించి మరీ మాట్లాడటం నేను మొదటిసారి చూసింది అప్పుడే. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. ఆ ఆడవాళ్లలో చాలామంది తర్వాత పొదుపు సంఘాల్లో చేరారు. మీ అమ్మగారు ఊళ్లో పని మొదలుపెట్టేది కూడా పొదుపు సంఘం సమావేశాల్లోనే అయితే మంచిది. ఇంటికొకరిని పిలిస్తే రారు. సంఘం మీటింగులో ఒకామె తన పాస్ పుస్తకం బయటికి తీస్తే మిగతావాళ్లూ తీస్తారు.

ఇక హిందూ వారసత్వ చట్టం. మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది, కానీ ఊళ్లో చెప్పాలంటే సెక్షన్లతో కాదు, మనుషులతో చెప్పాలి. నేను మా ఇంటి కథే చెబుతాను.

మా అక్క పెళ్లి 1979లో, నా పెళ్లి 1988లో అయింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. అయితే ఆ తేదీకి పెళ్లయిపోయిన కూతుళ్లకు మన చట్టం వర్తించదు. అంటే ఒకే నాన్న, ఒకే పొలం, పొగాకు పనిలో అక్కే నాకంటే ఎక్కువ కష్టపడింది, కానీ హక్కు నాకు వచ్చింది, తనకు రాలేదు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. కానీ మా నాన్న 1998లోనే పోయారు. తండ్రి 2005 నాటికి బతికి ఉంటేనే ఆ హక్కు వస్తుందని మధ్యలో ఒక తీర్పు. బతికి ఉండనక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది 2020 ఆగస్టు 11న. అప్పటికి అక్కకు మనవలు కూడా పుట్టేశారు. మా తమ్ముడు మంచివాడు కాబట్టి కోర్టు దాకా పోలేదు. అక్కకూ నాకూ చెరో అరెకరం రాసిచ్చాడు, సాగు తనే చేస్తున్నాడు. మాకు రావాల్సిన పూర్తి వాటా అది కాదు. మేమిద్దరం అంతటితో సరేనన్నాం. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. ఊళ్లో నేను చెప్పేది ఈ ఒక్క మాటే.

ఎందుకంటే చాలా ఇళ్లలో జరిగేది ఇది. పండక్కి పుట్టింటికి పిలుస్తారు, చీర పెడతారు, మర్నాడు రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి సంతకం పెట్టమంటారు. అది హక్కు విడుదల దస్తావేజు అని ఆ అమ్మాయికి ఇంటికొచ్చాక తెలుస్తుంది. ఒకసారి రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పైగా ఊళ్లో అందరూ 2005 గురించే మాట్లాడతారు. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి అందరికీ సమాన వాటా అన్నది 1956 చట్టంలోనే ఉంది. ఈ సంగతి చదువుకున్న ఆడపిల్లలకూ తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రోజువారీ పని ఎలా ఉంటుందో తెలియడానికి ఒక కేసు చెబుతాను. ఊరి వివరాలు ఇవ్వను.

నలభై దాటిన ఒకామె ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలతో వచ్చింది. భర్త పోయి మూడేళ్లయింది. మామగారి పేరిట రెండెకరాలు, ఆయనా లేరు. "నా పేరు ఎక్కించమని పెడుతుంటే ప్రతిసారీ రిజెక్ట్ అంటున్నారు, ఎందుకో చెప్పట్లేదు" అంది. కవరులోవన్నీ బల్ల మీద పరిచాను. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు, ముద్దుపేరు ఉంది. రేషన్ కార్డులో స్పెల్లింగ్ ఇంకోలా ఉంది. ముఖ్యమైన కాగితం మాత్రం లేదు. భర్త ఇంట్లోనే చనిపోయాడు, మరణం ఎవరూ నమోదు చేయించలేదు.

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే పంచాయతీలో అవ్వదు, మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. మా దగ్గర ఆ అర్జీ ఆర్డీవో ఆఫీసుకు వెళ్తుంది. వితంతు పింఛను అడగాలన్నా, భర్త ఖాతాలో డబ్బు తీయాలన్నా, పొలం మారాలన్నా మొదటి కాగితం అదే. అది లేకుండా ఆమె పొలం రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్‌కు పెట్టుకుంటూ పోతోంది, మీసేవ ఫీజు కడుతూ పోతోంది. చేయాల్సిన వరుస నేను తెల్ల కాగితం మీద రాసిచ్చాను. ముందు మరణ నమోదు, తర్వాత భర్త, మామగారు ఇద్దరి పేర్ల మీద ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు, ఈలోగా ఆధార్, బ్యాంకు పేర్లు ఒకటి చేసుకోవడం, ఆ తర్వాత పంపకం, చివర్లో మ్యుటేషన్. ఈ వరుస చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అది చెప్పే మనిషి లేక ఆమె మూడేళ్లు తిరిగింది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. భూమి మామగారి స్వార్జితం. సగం తనకు, సగం మరిదికి అని ఆమె లెక్క. నేను లెక్క చెప్పాల్సి వచ్చింది: అత్తగారు, ఇద్దరు కొడుకులు, పెళ్లయిన ఆడపడుచు, నాలుగు వాటాలు, తలా యాభై సెంట్లు. భర్తకు వచ్చే యాభైలో పిల్లలకూ అత్తగారికీ కూడా భాగం ఉంటుంది. ఆమెకు కోపం వచ్చింది. "ఆడవాళ్ల కోసం ఉన్నానని చెప్పి నా వాటా తగ్గిస్తారేంటమ్మా" అంది. ఆడపడుచు కూడా ఆడదే. మీ అమ్మగారికి ఇలాంటి రోజులు వస్తాయి. అప్పుడు ఎదుటి మనిషి మీద జాలితో చట్టాన్ని వంచి చెబితే రేపు ఆ కాగితం నిలబడదు, ఆ మనిషే మునుగుతుంది. ఆ కుటుంబాన్ని న్యాయ సేవల కమిటీ ముందు కూర్చోబెట్టాం. అత్తగారు ఉండేది ఈ కోడలి దగ్గరే కాబట్టి తన వాటా కూడా ఇటే ఇస్తానంది. ఆడపడుచు తన యాభై సెంట్లు తీసుకుంది. ఈమెకూ పిల్లలకూ కలిపి ఎకరం వచ్చింది. లోక్ అదాలత్‌లో రాజీ అవార్డు అయింది. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కోర్టు ఫీజు పైసా కట్టలేదు.

అందుకే నేను సొంతంగా అరుగు మీద కూర్చోవడం కంటే పారా లీగల్ వాలంటీరుగా చేరమంటాను. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో తెచ్చిన పథకం ఇది. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగులను తీసుకోవచ్చని అందులోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఎంపికైతే శిక్షణ ఇస్తారు, గుర్తింపు కార్డు ఇస్తారు. పని అప్పగించిన రోజుకు కొద్దిగా గౌరవ వేతనం ఉంటుంది, దాన్ని జీతంగా లెక్కేసుకోకూడదు. కార్డు మెళ్లో ఉంటే ఊళ్లో "ఈవిడకెందుకు" అనే నోళ్లు కొంత మూతపడతాయి. కేసు మన చేతులు దాటితే లాయరును పెట్టించడానికి దారి కూడా ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. ఈ నంబరు ఊరి గోడ మీద రాయించడం నేను చేసిన మొదటి పని.

మీ నాన్నగారి అభ్యంతరానికి వస్తాను. ఆయన బెంగ నిజమైనదే. మొదటిసారి నేను అర్జీదారు పక్కన బెంచీ మీద కూర్చుంటే, ఒకప్పుడు నా కింద పనిచేసిన అబ్బాయి లేచి నిలబడి "మేడం, లోపలికి రండి" అన్నాడు. వెళ్లలేదు. నేను లోపలికెళ్తే బయట వరుసలో ఉన్నవాళ్లకు ఏమర్థమవుతుంది? పలుకుబడితోనే పని అవుతుందని. పని మొదలుపెట్టేటప్పుడే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఏ ఫైలు గురించీ పాత సిబ్బందికి ఫోన్ చేయను. ఏ కాగితం కావాలో తెలుసుకుని, అన్నీ సరిగ్గా జతచేసి, రసీదు తీసుకుని, గడువు దాటితే సోమవారం గ్రీవెన్స్‌లో పెట్టిస్తాను. అర్జీ పక్కాగా ఉంటే ఇవాళ ఆఫీసులో ఉన్న పిల్లలకూ పని తేలికవుతుంది, అందుకే వాళ్లు నన్ను విసుక్కోరు. పరువు పోలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నమస్కారం పెట్టినవాళ్లలో కుర్చీకి పెట్టినవాళ్లెవరో, మనిషికి పెట్టినవాళ్లెవరో ఇప్పుడు తెలుస్తోంది. నాకు అది మంచిదే అనిపించింది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం ఆవిడకు చెప్పండి. ఎవరి ఒరిజినల్ కాగితాలూ ఇంట్లో పెట్టుకోకూడదు, ఒక్క రాత్రి కూడా. టీ ఖర్చులకని ఇచ్చినా తీసుకోకూడదు. ఒకే తగాదాలో ఇద్దరికీ అర్జీ రాయకూడదు. ఎవరి తరఫునా సంతకం పెట్టకూడదు, వేలిముద్ర వేసేవాళ్లకు కాగితం మొత్తం చదివి వినిపించాకే వేయించాలి. బంధువుల భూమి గొడవల్లోకి అసలు దిగొద్దు. అన్నిటికంటే ముఖ్యం, అన్నదమ్ములు ఇంటి మీదకొస్తారని ముందే తెలుసుకోవాలి. "సంసారాల్లో చిచ్చు పెడుతున్నావు" అని నా ఇంటి ముందు అరిచి వెళ్లినవాళ్లున్నారు. అలాంటప్పుడు ఒంటరిగా మాట్లాడకుండా, కమిటీ దగ్గరికి రమ్మని చెప్పి ఊరుకోవాలి. ఎన్నికలప్పుడు ఏ పార్టీ జెండా నీడలోనూ నిలబడొద్దు. సర్పంచ్ పదవికి దారి వేసుకుంటోందని అనుమానం వస్తే, మర్నాడు కవరు పట్టుకుని ఎవరూ రారు.

కౌలు సంగతి కూడా ఆవిడ చూడాలి. మా వైపు సాగు చేసేవాళ్లలో చాలామందికి సొంత పొలం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగడానికి అది ఆధారం. భూయజమాని సంతకం కావాలి, అక్కడే ఆగిపోతుంది. భూమి పోతుందేమోనని వాళ్ల భయం. ఆ కార్డు వల్ల యజమాని హక్కుకు ఏమీ కాదని చట్టంలోనే రాసుంది. ఈ మాట కౌలు రైతు చెబితే నమ్మరు, ఒక రిటైర్డ్ రెవెన్యూ అధికారి ఇంటికొచ్చి చెబితే కొందరైనా నమ్ముతారు. సంతకాలు పెట్టినవాళ్లను నేను చూశాను. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న కౌలు రైతు ఇంటికి పరిహారం కోసం విచారణకు వచ్చినప్పుడు, అతను ఆ పొలం సాగు చేశాడనడానికి కాగితం ఒక్కటీ లేకపోవడం సర్వీసులో ఉండగా కళ్లారా చూశాను. ఆ భార్యకు నోటిమాట తప్ప ఏమీ ఉండదు. కార్డులు ఖరీఫ్ ముందే రాయించాలి, పంట పోయాక కాదు.

మీ అమ్మగారు ఇంకా సర్వీసులో ఉన్నారు కాబట్టి ఇప్పటినుంచే ఒక పని చేయవచ్చు. ఆఫీసులో తిరస్కరించిన మ్యుటేషన్, ఫ్యామిలీ మెంబర్ అర్జీలు ఏ కారణంతో తిరస్కరించారో తన జ్ఞాపకం కోసం ఒక నోటుబుక్కులో కారణాలు మాత్రం రాసుకోమనండి, పేర్లు వద్దు. సగం అర్జీలు నాలుగైదు కారణాల చుట్టూనే తిరుగుతాయి. రిటైరయ్యాక మొదటి కొన్ని నెలలు తన పెన్షన్ కాగితాలు, హెల్త్ కార్డు, మోకాళ్ల నొప్పులు చూసుకోనివ్వండి. తర్వాత వారానికి ఒక రోజు, ఒకే చోట, ఒకే సమయం పెట్టుకుంటే చాలు. అంగన్వాడీ వరండా అయినా, సంఘం ఆఫీసు అయినా ఫరవాలేదు, ఇల్లు మాత్రం వద్దు. మీది తెలంగాణ అయితే భూముల రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది కాబట్టి దరఖాస్తుల పద్ధతి వేరుగా ఉంటుంది, వారసత్వ చట్టం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఏ జిల్లానో రాస్తే, అక్కడ ఎవరిని కలవాలో తెలిసినంతవరకు చెబుతాను.